ఆరు సిలిండర్లకూ ఒకే గాలి

కట్టంగూరు దగ్గర రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. హైదరాబాదు నుంచి విజయవాడ వైపు పోయే లారీలన్నీ దాని ముందు నుంచే పోయేవి. వాటిలో కొన్ని దాని ముందే ఆగిపోయేవి. నా బతుకుతెరువు ఆ ఆగిపోయిన వాటితోనే. మా వంశంలో అందరూ గొర్రెలు పెంచినవాళ్లే. నేను మాత్రం మీసాలు రాకముందే హైదరాబాదు పోయి, ఒక లారీ వర్క్‌షాపులో చేరి, గ్యాసు వెల్డింగు, లేతు పని, డీజిల్ ఇంజను విప్పి బిగించడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక తిరిగొచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాను. చుట్టుపక్కల ఎవరికీ చేతకాని పని నా దగ్గరికే వచ్చేది. నాకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు నటించే అలవాటు నాకు ఎన్నడూ లేదు.

నా భార్యది మహబూబ్‌నగర్ వైపు. వాళ్ల పుట్టింట్లో గొంగళ్లు నేసేవారు. ఆమె వంట ముగించుకుని, ఒళ్లో ఉన్ని పెట్టుకుని షెడ్డు గుమ్మంలో కూర్చునేది. చేతిలో కదురు తిరుగుతుంటే వచ్చే పోయే లారీలను చూసేది, నా పనినీ చూసేది. ఇంజను గురించి ఆమె ఏమీ నేర్చుకోలేదు, నేర్చుకోవాలనీ అనుకోలేదు. కానీ ఏ లారీ బాగుపడి పోయిందో, ఏది మళ్లీ వస్తుందో చప్పుడు విని చెప్పేది.

అరవైల మొదట్లో సంగతి. కృష్ణ మీద పెద్ద డ్యామ్ కడుతున్న రోజులు. మా జిల్లాలో ఎడమ కాలువ తవ్వకం సాగుతోంది. ఎక్కడ చూసినా లారీలు, మట్టిని తోసే డోజర్లు, రాళ్లు పేల్చే మందు వాసన. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువలో ఒక ముక్క పని పట్టిన కంట్రాక్టరు అందులోంచి దిగాడు. తెల్ల చొక్కా అంతా ఎర్రదుమ్ము. ఆయన వెనక డోజరు నడిపే ఆపరేటరు ఒక గోనెసంచి మోసుకొచ్చి నేల మీద కుమ్మరించాడు. అల్యూమినియం ముక్కలు గలగలమని పడ్డాయి.

"ఇది అతుక్కుంటుందా, మేస్త్రీ?" అని కంట్రాక్టరు అడిగాడు.

ముక్కలు తిప్పి చూశాను. అది ఇంజను మానిఫోల్డు. అంటే గాలిని తీసుకుని ఒక్కో సిలిండరుకూ పంచే గొట్టం. గట్టు మీద నుంచి దొర్లిన బండ సరిగ్గా దాని మీదే పడిందట. కొన్ని ముక్కలు అసలు దొరకనే లేదు.

"అతకది సారూ," అన్నాను. "అతికినా ఆ గాలికి ఆగది. కొత్తది చేస్త."

"కొత్తది చేస్తావా? ఇది అమెరికా నుంచి రావలసిన సామాను. ఓడలో వచ్చేసరికి వానలు వచ్చి పోతాయి. అందుకే నీ దగ్గరికి వచ్చాను గానీ, మరీ కొత్తది చేస్తానంటే ఎట్లా నమ్మేది?"

"ఇంజను అమెరికాదే సారూ. అది పీల్చే గాలి మాత్రం ఈడిదే గద."

ఆపరేటరు నవ్వాడు. కంట్రాక్టరు నవ్వలేదు గానీ, జీపు వైపు తిరగలేదు కూడా. ఆయనకు వేరే దారి లేదని ముగ్గురికీ తెలుసు. వానలు పడేలోగా కాలువకు అడ్డంగా ఉన్న మొరం గుట్టను కోయకపోతే ఆయన పని చెయ్యి జారుతుంది.

ఆపరేటరుది కొత్తకోట. పాతికేళ్లవాడు, ఆ డోజరంటే ప్రాణం. వాణ్ణి నా దగ్గర వదిలి కంట్రాక్టరు వెళ్లిపోయాడు. నేను వాడితో కలిసి కాలువ దగ్గరికి పోయి ఆ డోజరును మొదటిసారి చూశాను. అప్పటిదాకా నేను లారీ ఇంజన్లే చూశాను. లారీ ఇంజను గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది. దీనికి టర్బో ఉంది. ఇంజను వదిలే పొగ బలంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. ఆ రెండో చక్రం బయటి గాలిని అదిమి ఇంజనులోకి నెడుతుంది. ఎంత గాలి నెడితే అంత డీజిల్ బాగా మండుతుంది, అంత బలం వస్తుంది. నాకు అది చాలా నచ్చింది. వృథాగా పోయే పొగతో పని చేయించుకోవాలన్న ఆలోచన పుట్టిన మనిషి ఎవరో గాని ఘటికుడు అనుకున్నాను.

కొలతలు తీసుకొచ్చి పని మొదలుపెట్టాను. పొడుగాటి ఉక్కు గొట్టం ఒకటి, దాని ఒంటికి ఆరు పొట్టి గొట్టాలు, ఒక్కో సిలిండరుకు ఒక్కటి. టర్బో నుంచి వచ్చే గాలి ఒక కొస నుంచి లోపలికి వస్తుంది, రెండో కొస మూసి ఉంటుంది. ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. గాలి వచ్చే వైపున్న సిలిండర్లు ముందే ఎక్కువ తాగేస్తే చివరివాటికి ఏం మిగులుతుంది? పొలంలో కాలువ చూసినవాణ్ణి. మోట దగ్గరున్న మడి మునుగుతుంది, చివరి మడి ఎండుతుంది. అందుకని గాలి వచ్చే వైపున్న రెండు గొట్టాల నోళ్లు కొంచెం చిన్నవి చేశాను. చివరి రెండూ పెద్దవి చేశాను. అతుకులన్నీ నున్నగా రుద్ది, డోజరుకు బిగించాను.

ఇంజను మొదటి తడవకే అందుకుంది. బ్లేడు దించి మొరంలోకి నెడితే బండ కదిలింది. కూలీలంతా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. కంట్రాక్టరు నా భుజం తట్టాడు.

నేను మాత్రం పొగ గొట్టం వైపు చూస్తున్నాను. బరువు పడ్డప్పుడల్లా నల్లటి పొగ దట్టంగా లేస్తోంది.

"ఇంతకుముందు గిట్లనే వచ్చేదా, తమ్మీ?" అని ఆపరేటరును అడిగాను.

"లేదన్నా. జర మబ్బు లెక్క వచ్చి పోయేది. గింత నలుపు ఎన్నడు రాలె."

పనాపి ఇంజను తిరుగుతుండగానే, ఒక్కో సిలిండరుకు డీజిల్ పోయే సన్నగొట్టం నట్టును ఒకసారి వదులు చేసి మళ్లీ బిగిస్తూ పోయాను. నట్టు వదులు చేస్తే ఆ సిలిండరు పని ఆగుతుంది. చివరి సిలిండర్లు ఆపితే పొగలో తేడా లేదు. గాలి వచ్చే వైపున్న రెండింటినీ ఆపితే మాత్రం పొగ సగానికి తగ్గింది. వేలు తడిపి పొగ బయటికి పోయే వైపు గొట్టాల మీద నీళ్లు చిలకరించాను. చివరివాటి మీద నీళ్లు మెల్లగా ఇగిరాయి. ఆ రెండింటి మీద చుయ్‌మని ఎగిరిపోయాయి.

అంటే గాలి వచ్చే చోటే గాలి లేదు. దగ్గరున్నవే పస్తు ఉంటున్నాయి. నా లెక్క పూర్తిగా తిరగబడింది.

కంట్రాక్టరుతో చెప్పాను. "సారూ, ఇది విప్పాలె. రెండు సిలిండర్లకు గాలి సాల్తలేదు. డీజిల్ సగమే మండి వేడెక్కుతున్నయి. గిట్లనే నడిపితే పిస్టన్లు కరుగుతయి."

"పొగ రాని డోజరు ఎక్కడుంది మేస్త్రీ? తోస్తోందిగా. వానలు పడేదాకా ఇట్లాగే లాగిద్దాం. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

"తర్వాత చూసుకునుటానికి ఇంజను ఉండది."

"నువ్వు చేసిన సామాను నువ్వే బాగాలేదంటే నేనేం చెప్పను?" అన్నాడాయన, విసుగ్గా. ఆపరేటరు వైపు తిరిగి, "ఎక్కు, పని కానీ," అన్నాడు.

వాడు డోజరు ఎక్కాడు. ఇంజను ఆపేశాడు. కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు కంట్రాక్టరు.

"నేను నడప సారూ. ఈ బండి మీకు సామాను, నాకు బువ్వ పెట్టేది. అన్న వద్దన్నంక నేను నడప. ఇంకొకల్ని తెచ్చుకుంటనంటే తెచ్చుకోండ్రి, నేనేం అనుకోను."

కూలీలు పని ఆపి చూస్తున్నారు. కంట్రాక్టరు అక్కడే ఒక బండ మీద కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు ఆయన. తలపెట్టిన పని మెడకు చుట్టుకున్న మనిషి. తలెత్తి, "సరే, విప్పు. ఈసారైనా కుదురుతుందని చెప్పగలవా?" అని అడిగాడు.

"ఎందుకు కుదర్లేదో తెలుసుకుని చేస్త. తెలుసుకున్నంక కుదరకపోవుడు ఉండది," అన్నాను. అది ధీమా కోసం అన్న మాట కాదు. తప్పు ఎక్కడుందో కనపడ్డాక నాకు ఎప్పుడూ భయం వేయలేదు. కనపడనప్పుడే వేసేది.

మానిఫోల్డును షెడ్డుకు తెచ్చి బల్లకు బిగించాను. షెడ్డులో కొలిమికి గాలి ఊదే బ్లోయరు ఉంది. దాన్ని ఆయిలు ఇంజనుకు బెల్టు వేసి తిప్పి, ఆ గాలిని మానిఫోల్డులోకి పంపాను. ఆరు నోళ్ల ముందూ అరచెయ్యి పెట్టి చూశాను. అన్నిటి ముందూ గాలి ఆడుతున్నట్టే ఉంది. గాలి వచ్చే వైపు కొంచెం తక్కువ అనిపించింది. ఎంత తక్కువో చెయ్యి చెప్పదు. ఆపరేటరు కూడా చెయ్యి పెట్టాడు. వాడికి అన్నీ ఒకటే అనిపించాయట.

నా భార్య గుమ్మంలో కూర్చుని చూస్తోంది. కదురు ఆపి లేచి వచ్చింది.

"చేతికి ఏం ఎరుకైతది?" అంది. "మా నాయిన ఉన్ని దులిపేటప్పుడు గాలి ఎటు కొడ్తాందో చూసుటానికి ఉన్నిపోగు కట్టెకు కట్టి నిలవెట్టేటోడు. కండ్లతోని చూడు."

ఒళ్లో ఉన్న ఉన్నిలోంచి ఆరు పోగులు తీసి, ఒక్కో నోటి అంచుకు ఒక్కో పోగు కట్టింది. ఆపరేటరు బ్లోయరు తిప్పాడు.

చివరి రెండు పోగులూ బయటికి నిటారుగా లేచి రెపరెపలాడాయి. మధ్యవి వాటికన్నా మెల్లగా ఆడాయి. గాలి వచ్చే కొసకు అన్నిటికన్నా దగ్గరున్న నోటి దగ్గర పోగు కాసేపు కదలకుండా వేలాడింది. తర్వాత మెల్లగా వంగి లోపలికి పోయింది.

ముగ్గురం వంగి చూశాం. ఆ నోటి నుంచి గాలి బయటికి రావడం లేదు. బయటి గాలినే అది లోపలికి లాక్కుంటోంది.

"ఇదేందే, ఉల్టా పోతాంది?" అన్నాను.

"నన్నడుగుతవేంది? గాలి నీది," అంది ఆమె.

ఆపరేటరు బ్లోయరు ఆపబోతే ఆపొద్దన్నాను. అక్కడే స్టూలు వేసుకుని ఆ పోగును చాలాసేపు చూశాను. మెల్లగా అర్థమైంది. మడిలోకి పారే నీళ్లు తొందరపడవు. పక్కన దారి దొరికితే అటు మళ్లుతాయి. టర్బో నెట్టిన గాలికి అంత నిదానం లేదు. సన్నటి గొట్టంలోంచి దూసుకొచ్చి, పక్కనున్న నోటిని పట్టించుకోకుండా ముందుకు ఉరుకుతుంది. పోయి పోయి మూసి ఉన్న కొసకు కొట్టుకుని అక్కడ కుప్ప పడుతుంది. అందుకే చివరివాటికి ఎక్కువ. పక్కనుంచి దూసుకుపోయేటప్పుడు దగ్గరి నోట్లోంచి గాలిని తనతో ఈడ్చుకుపోతోంది. ఆ నోటిని నేను చిన్నది చేసి ఇంకా అన్యాయం చేశాను. లారీ రోడ్డు మీద వేగంగా పోతే పక్కనున్న కాగితాలు దాని వెంట ఎగిరిపోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ చూసింది ఇక్కడ గుర్తుకు రాలేదు, అంతే.

రోగం తెలిశాక మందు కష్టం కాలేదు. గాలి ఉరకకుండా నెమ్మదించాలి. అందుకు అది వచ్చే చోట గొట్టం మెల్లమెల్లగా వెడల్పు కావాలి. నోళ్ల దగ్గరికి వచ్చేసరికి పెద్ద పొట్ట ఉండాలి. అక్కడి నుంచి చివరిదాకా పొట్ట సన్నబడుతూ పోవాలి. ఒక్కో సిలిండరు తన వాటా తీసుకున్నాక మిగిలిన గాలి తగ్గుతుంది కనుక, దానికి తగ్గట్టే జాగా కూడా తగ్గాలి. అప్పుడు చివర కుప్ప పడదు. ఆరు నోళ్లూ ఒకే కొలత. నోటి అంచులు పదునుగా ఉండకూడదు, కుండ మూతిలాగా గుండ్రంగా ఒరిగి ఉండాలి.

అట్లాంటి ఆకారానికి గొట్టం దొరకదు. రేకు కోసి, వంచి, రెండు చిప్పలు చేసి అతికించాను. చెప్పినంత సులువు కాదు. వెల్డింగు వేడికి రేకు మెలి తిరిగేది. ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు లేచేది. ఆపరేటరు సుత్తి పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. వాడికి డోజరు తోలడమే కాదు, రేకు చదును చేయడం కూడా బాగా వచ్చని అప్పుడే తెలిసింది. కొత్తకోటలో వాళ్ల మేనమామ బొక్కెనలు చేసేవాడట. రోడ్డు మీద రెండు లారీలు నా కోసం ఆగి ఉన్నా, వాటిని చూడలేదు. డ్రైవర్లు చెట్టు కింద పడుకున్నారు.

అంతా అయ్యాక మళ్లీ బల్లకు బిగించి, మళ్లీ ఉన్నిపోగులు కట్టాం. ఈసారి ఆరూ బయటికే ఆడాయి. కంటికి ఆరూ ఒకటే. నాకు అది చాలలేదు. తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే నీళ్ల గొట్టం ఒకటి అడిగి తెచ్చాను. రబ్బరు గొట్టానికి రెండు కొసలా గాజు నాళికలు ఉంటాయి. అందులో కుంకుమ నీళ్లు పోసి, ఒక కొసను ఒక్కో నోటికి ఎదురుగా పెట్టి చూశాను. గాలి ఎంత నెడితే నీళ్లు అంత దిగుతాయి. నాలుగో నోటి దగ్గర కొంచెం తక్కువ దిగాయి. లోపల తడిమితే అక్కడ అతుకు పూస గడ్డ కట్టి ఉంది. ఆకురాయితో రుద్దితే అదీ సమమైంది.

ఇంజను ఆరు నోళ్లలోంచీ ఒక్కసారిగా కాదు, ఒకదాని తర్వాత ఒకదాంట్లోంచి గాలి పీలుస్తుందని గుర్తొచ్చి, అయిదు నోళ్లకు చెక్కలు అడ్డం పెట్టి ఒక్కొక్కటే తెరిచి కూడా చూశాను. అట్లా చూసినా సమంగానే ఉంది. అప్పుడు నా మనసు కుదుటపడింది.

బిగించేముందు నా భార్య పాత తెల్లబట్ట ఒకటి ఇచ్చింది. "లోపల తుడువు. ఉన్నిల ఒక్క ముల్లు ఉన్నా గొంగడి కప్పుకున్నోనికి ఎరుకైతది. ఇది మాట్లాడలేనిది," అంది. నిజమే. అతుకు రాలిన రవ్వ ఒక్కటి ఇంజనులోకి పోయినా ఖేల్ ఖతం. కిరసనాయిలు పోసి కడిగి, బట్టను కర్రకు చుట్టి లోపలంతా లాగాను. బట్ట తెల్లగా వచ్చేదాకా లాగుతూనే ఉన్నాను.

కాలువ దగ్గర మళ్లీ అదే గుట్ట, అదే జనం. కంట్రాక్టరు ఈసారి దూరంగా నిలబడ్డాడు. ఆపరేటరు ఇంజను వేసి, వేడెక్కనిచ్చి, బ్లేడు దించాడు. మొరంలోంచి పెద్ద బండ ఒకటి మూలుగుతూ కదిలింది. ఇంజను గొంతు బరువెక్కింది. పొగ గొట్టం మీద పల్చటి బూడిద రంగు లేచి, అంతలోనే విడిపోయింది. నేను నీళ్లు చిలకరించి చూశాను. ఆరు చోట్లా ఒకేలా ఇగిరాయి. నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూశాను. ఏది ఆపినా ఇంజను ఒక్కలాగే కుంగింది.

ఆపరేటరు పైనుంచి వంగి, "అన్నా, పాత దానికన్నా తేలిగ్గ లాగుతాంది," అన్నాడు.

"అంత మాట అనకు తమ్మీ. నువ్వు చాల దినాల సంది నడపలె, అందుకే గట్ల అనిపిస్తది," అన్నాను గానీ, ఆ మాట నాకు తీపిగానే తగిలింది.

కంట్రాక్టరు వచ్చి పొగ గొట్టాన్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. "ఆ రోజు నీ మాట వినకపోతే ఏమయ్యేది?" అని అడిగాడు.

"మీరు విన్నరు గద సారూ."

"నేను వినలేదు. వాడు దిగిపోయాడు," అన్నాడు ఆపరేటరు వైపు చూసి. ఆ మాట అందరి ముందూ అన్నాడు. అందుకే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

వానలు మొదలయ్యేలోగా గుట్ట తెగింది. డోజరు ఆ ఏడూ, మరుసటి ఏడూ ఆ మానిఫోల్డుతోనే నడిచింది. తర్వాత ఎప్పుడో ఓడలో అసలు సామాను వచ్చింది. ఆపరేటరు డోజరు నుంచి నా మానిఫోల్డును విప్పి, కొత్తదాన్ని తెరవకుండానే పెట్టెతో సహా లారీలో వేసుకుని, రెండింటినీ నా షెడ్డుకు తెచ్చాడు. ముందు నువ్వు చూడాలన్నాడు. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టాం. వాళ్లదీ గాలి వచ్చే చోట వెడల్పుగా, చివర సన్నంగా ఉంది. ఆ ఒక్కటీ చూస్తే నాకు కడుపు నిండింది. కానీ లోపలికి లాంతరు పెట్టి చూస్తే ఇంకొకటి కనపడింది. గాలి వచ్చే మలుపులో సన్నటి రెక్క ఒకటి పోతలోనే పోసి ఉంది. వచ్చిన గాలిని అది ముందే రెండు పాయలుగా చీలుస్తుంది. ముక్కలైన పాతదాంట్లో ఆ భాగం దొరకనే లేదు. నేను పొట్ట పెద్దది చేసి సాధించిన దాన్ని వాళ్లు తక్కువ జాగాలో ఒక్క రెక్కతో సాధించారు.

"ఏంది అన్నా, మనది తప్పయిందా?" అన్నాడు ఆపరేటరు నా ముఖం చూసి.

"తప్పు కాలె. ఇంకొక దారి దొరికింది," అన్నాను.

నా భార్య వచ్చి రెండింటిలోకీ తొంగి చూసింది. "వాళ్లది సన్నపు నేత, నీది మోటు నేత. చలికి రెండు ఆగుతయి," అంది.

ఆ తర్వాత కాలువ పనుల మీద ఉన్న వేరే కంట్రాక్టర్ల నుంచి కూడా అట్లాంటి పనులు వచ్చాయి. పగిలినవి కొన్ని, పోతపోసినవి దొరకక అడిగినవి కొన్ని. ప్రతిదాంట్లోనూ మలుపు దగ్గర ఒక రెక్క పెట్టేవాణ్ణి. ప్రతిదాన్నీ ఉన్నిపోగులతో చూసేవాణ్ణి. ఉన్నిపోగు చూడకుండా ఏ మానిఫోల్డూ నా షెడ్డు దాటలేదు.

ఒకసారి కొత్తకోట దగ్గర రోడ్డు పని మీదున్న ఒక యంత్రం చూడమని ఆపరేటరు కబురు పంపితే, నా భార్యను కూడా తీసుకుని లారీలో పోయాను. దారిలో ఆమె పుట్టింట్లో దిగుతానంది. ఆమెను అక్కడ దింపి నేను యంత్రం దగ్గరికి పోయాను. మూత తీసి చూస్తే, ఈ ఇంజనుకు గాలి కొస నుంచి కాక సరిగ్గా నడుమ నుంచి వచ్చి పడుతోంది. రెండు వైపులా మూడేసి సిలిండర్లు. నడిమివాటికి ఏమవుతుంది, చివరివాటికి ఏమవుతుంది, నాకు తెలియదు. చొక్కా చేతులు మడిచి, సంచిలోంచి ఉన్ని తీశాను.